ఒక్క దొడ్లోనే ఉన్న ఎరుపు

తోటల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ముందుగా అడిగేది, ఏ మొక్కకి ఎంత ఎరువు వెయ్యాలని. అది పుస్తకాల్లో ఉంటుంది. లేకపోతే మొక్కే చెబుతుంది. పుస్తకాల్లో లేని సంగతులు కొన్ని నాకు తెలుసు. వాటి కోసమే ఇది రాస్తున్నాను.

మాది చేబ్రోలు. పేరు సాంబశివరావు. బాపట్లలో మొదలుపెట్టి, తెనాలిలో ఎక్కువ కాలం, మధ్యలో రేపల్లెలో, తోటల మీదే నా ఉద్యోగమంతా గడిచింది. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగిపోయిందో రాయను. వాటి వల్ల నాకు తెలిసొచ్చింది ఏమీ లేదు. ఒక మొక్క గురించి, దాన్ని తయారుచేసిన మనిషి గురించి మాత్రం రాస్తాను. ఆ మొక్క ఇప్పుడు ఎక్కడా లేదు.

ఎర్ర పొన్నగంటి

మనం పప్పులో వేసుకునే పొన్నగంటి కూరకి ఇది దాయాది. దీన్ని వండుకోరు, చూడ్డానికే పెంచుతారు. జానెడు ఎత్తులో నేలంతా కమ్ముకుని పెరుగుతుంది. పార్కుల్లో, రైల్వే స్టేషన్లలో గడ్డి మధ్య ఊరి పేరు ఎర్రటి అక్షరాలుగా పెంచడం మీరు చూసే ఉంటారు. ఆ అక్షరాలు ఈ మొక్కవే.

వేసవిలో దీని రంగు అంతంతమాత్రం. వానాకాలంలో ఇంకా తక్కువ, పచ్చ ఎక్కువ. కార్తీకం వెళ్ళి మంచు పడటం మొదలయ్యాక ఆకు రాగి రంగుకి తిరుగుతుంది. క్రిస్మస్ నాటికి ఎర్రబడుతుంది. చలిదేశాల్లో చెట్లన్నీ ఆకు రాల్చే ముందు రంగులు మారతాయని చదువుకున్నాం. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే మన డెల్టాలో ఆ ముచ్చట తీర్చేది ఈ చిన్న మొక్కే.

పెంచడం కష్టం కాదు. నిండా ఎండ ఉండాలి. వేళ్ళ దగ్గర నీరు నిలవకూడదు. కత్తెర ఆగకూడదు. నాలుగు రోజులు కత్తిరించకపోతే కాడలు సాగి, అడుగున బోసిపోతుంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు యూరియా అప్పుడప్పుడే ఊళ్ళలోకి వస్తోంది. వరికి మంచిదైతే దీనికీ మంచిదే అనుకుని చాలామంది చల్లేవాళ్ళు. మొక్క ఏపుగా పెరిగేది, ఎరుపు మాత్రం పోయేది. చివికిన పశువుల ఎరువు చాలు దీనికి.

బాపట్ల ఇసుకలో

అరవైల మొదట్లో బాపట్లలో ఒక పెద్ద కార్యాలయం తోటలో చేరాను. అక్కడ సూపర్‌వైజరు దేవసహాయం గారు. లూథరన్ కుటుంబం. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల చొక్కా మోచేతుల దాకా మడిచి, మట్టిలో మోకాళ్ళ మీద కూర్చునేవారు. సాయంత్రానికి కూడా ఆ చొక్కా తెల్లగానే ఉండేది. అదెలాగో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన పని నేర్పే పద్ధతి కఠినం. నేను పాతిన కొమ్మ ముక్కలన్నీ మర్నాడు పీకేసి, “మళ్ళీ పెట్టవయ్యా” అనేవారు. ఎందుకు పీకారో చెప్పేవారు కాదు. కణుపు మట్టిలోకి దిగలేదనీ, ఆకులు ఎక్కువ ఉంచాననీ నాకు నేనే తెలుసుకోవాలి. కోపం వచ్చేది. కానీ అలా తెలుసుకున్నది ఏదీ మరిచిపోలేదు.

నేను చేరిన రెండో చలికాలంలో ఒక పొద్దున ఆయన నన్ను కేకేశారు. ఎర్ర పొన్నగంటి మడి దగ్గర వంగి ఉన్నారు.

“ఇక్కడేం కనబడుతోందో చెప్పు.”

చూశాను. మడి అంతా మామూలు రాగి ఎరుపు. ఒక మొక్కకి ఒకే ఒక్క కొమ్మ మాత్రం పైకి లేవకుండా నేలని పట్టుకుని పాకింది. దాని ఆకులు మిగతావాటిలో సగం. లోపల దానిమ్మ గింజ ఎరుపు, అంచున పసుపు గీత.

“చీడేమోనండి” అన్నాను.

ఆయన నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. “కాదయ్యా. మొక్క మనసు మార్చుకుంది. అప్పుడప్పుడు అలా ఒక కొమ్మ దానంతటది మారుతుంది. మనం చూడకపోతే కత్తెరకి పోతుంది.”

ఆ కొమ్మని కోసి, ముక్కలు చేసి, ఇసుకలో పెట్టారు. కొన్ని బతికాయి. బతికినవాటిలో చాలావరకు తిరిగి మామూలు రంగుకి వెళ్ళిపోయాయి. వాటిని పీకేసి, నిలబడ్డవాటి నుంచి మళ్ళీ ముక్కలు తీశారు. ప్రతి చలికాలం అదే పని. ఏది నిజంగా మారిందో, ఏది వెనక్కి వెళ్ళిందో చలి పడి రంగు తేలాక కానీ తెలియదు. మిగతా కాలమంతా రెండూ అదే చిన్న ఆకుతో, ఒకేలా పచ్చగా ఉంటాయి. అలా ఏళ్ళు పట్టింది. చివరికి కార్యాలయం వెనక ఒక మడి అంతా ఆ దానిమ్మ ఎరుపే పరుచుకుంది. కత్తెర పెట్టకపోయినా బెత్తెడు ఎత్తు దాటేది కాదు.

ఆయన దానికి పేరేమీ పెట్టలేదు. ఆయన భార్య కరుణమ్మ గారు మాత్రం “మా ఎర్రది” అనేవారు.

నేను తెనాలి పార్కుకి బదిలీ అయినప్పుడు, వెళ్ళే ముందు రెండు కొమ్మలు అడిగాను. ఇవ్వనన్నారు.

“నీ మీద అనుమానం కాదయ్యా. నీ దగ్గర్నించి ఇంకొకడు పట్టుకుపోతాడు.”

కారణం ఉంది. నేను రాకముందు ఆయన ఒక క్రోటన్ మొక్కని అలాగే ఎంచి పెంచారట. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దమనిషి రెండు కొమ్మలు తీసుకెళ్ళి, మూడో ఏట పూల ప్రదర్శనలో దాన్ని తన మొక్కగా పెట్టి మొదటి బహుమతి అందుకున్నాడు. దేవసహాయం గారు అదే పందిట్లో నిలబడి చూశారు. చప్పట్లు కొట్టే వాళ్ళ మధ్య తనూ కొట్టానని ఒకసారి నాతో అన్నారు. ఆ తరవాత ఆయన తోటలోంచి ఒక్క కొమ్మ బయటికి వెళ్ళలేదు.

రేపల్లె బంగళా చెట్టు

తెనాలిది నల్లరేగడి. వాన పడితే నీరు దిగదు. మడులు ఎత్తు చేసి, ఇసుక కలిపి, మామూలు ఎర్ర పొన్నగంటినే పెంచాను. అది బాగా వచ్చింది. దాన్ని చూసి ఒక అధికారి నన్ను రేపల్లెకి పిలిపించారు. ఆయన పేరు అనవసరం. ఆయన ఉండే బంగళా ముందు అటువంటి ఎర్ర తివాచీ కావాలన్నారు.

బంగళా ముందు పెద్ద నిద్రగన్నేరు చెట్టు. రైలు దిగి పల్లెలకి బస్సు పట్టుకునేవాళ్ళు, మిల్లుకి ధాన్యం తోలుకొచ్చిన బండ్లవాళ్ళు దాని నీడలో ఆగేవాళ్ళు. ఆ నీడలోనే తివాచీ పరవమన్నారు. పరిచాను. చలికాలం వచ్చింది, మొక్కలు పచ్చగానే ఉన్నాయి. అధికారి వచ్చి చూశారు.

“ఏంటయ్యా ఇది? తెనాలిలో ఎర్రగా ఉంది, ఇక్కడ ఆకుకూర మడిలా ఉంది?”

“ఎండ చాలటం లేదండి” అన్నాను.

“ఎండ ఉంటే వస్తుందా?”

“వస్తుందండి.”

నేను అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి సరైన జవాబే చెప్పాను. మరుసటి వారం మళ్ళీ వెళ్ళేసరికి చెట్టు లేదు. మొదలు మాత్రం మిగిలింది. దాని మీద కూర్చుని ఒక బండాయన భోజనం చేస్తున్నాడు. “నువ్వేనా ఎర్ర మొక్కల అబ్బాయివి?” అని అడిగాడు. అవునన్నాను. తల వంచుకుని అన్నం తిన్నాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆ ఏడు తివాచీ ఎర్రగా వచ్చింది. అధికారి మెచ్చుకున్నారు. వేసవిలో, నీడలేని ఆ ఉప్పు నేలలో అంతా మాడిపోయింది. అప్పటికి ఆయనకి బదిలీ అయింది. తరవాత వచ్చినాయనకి తోటల మీద ఆసక్తి లేదు.

ఈ ఉద్యోగంలో పై అధికారి “ఏం కావాలి?” అని అడిగితే, మొక్కకి ఏం కావాలో చెప్పి ఊరుకోకండి. ఈ చోటు ఈ మొక్కది కాదని కూడా చెప్పండి. వింటారా లేదా అన్నది వేరే మాట. నేను అప్పుడు ఆ మాట అని ఉంటే ఆయన వినేవారని నాకు నమ్మకం లేదు. అయినా ఆ చెట్టు మొదలు ఇప్పటికీ కళ్ళ ముందు కనబడుతుంది.

కరుణమ్మ గారి కత్తెర

దేవసహాయం గారు రిటైరయ్యాక కరుణమ్మ గారి ఊరు వెళ్ళిపోయారు. రేపల్లెకి దిగువన, సముద్రం వైపు పల్లె అది. వెళుతూ బాపట్ల మడిలోని ఎర్రదాన్ని వేళ్ళతో సహా తవ్వి, తడి గోనెల్లో చుట్టి, మొత్తం పట్టుకుపోయారు. ఒక్క మొక్క కూడా వదల్లేదు. ఆయన పెంచింది కాబట్టి కార్యాలయం వాళ్ళెవరూ కాదనలేదు. అసలు అదేమిటో వాళ్ళకి తెలిస్తే కదా.

ఒక డిసెంబరులో చూడ్డానికి వెళ్ళాను. తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగి, బస్సు పట్టుకుని, చివర కాస్త దూరం కాలవ గట్టు వెంట నడిచాను. దొడ్లో అడుగుపెట్టగానే ఆగిపోయాను. ఇంటి పక్కనుంచి బావి దాకా నేల కనబడకుండా ఆ ఎరుపు. పొద్దుటి మంచు ఇంకా ఆరలేదు. ప్రతి ఆకు అంచునా ఆ పసుపు గీత ఉంది. ఒక్కటి కూడా వెనక్కి వెళ్ళలేదు. బాపట్లలో చూసినదానికంటే చక్కగా ఉంది. నా జీవితంలో చాలా తోటలు చూశాను. అటువంటి నేల మళ్ళీ చూడలేదు.

“ఎలా ఉందయ్యా సాంబయ్యా?” అన్నారాయన వెనకనించి.

“మాస్టారూ, దీన్ని నలుగురూ చూడాలండి.”

“నువ్వు చూశావుగా.”

మధ్యాహ్నం భోజనం అయ్యాక ధైర్యం చేసి మళ్ళీ అడిగాను. “ఒకే చోట ఉండటం మంచిది కాదండి. ఏ తెగులో వస్తే...”

“నేనుండగా తెగులెలా వస్తుంది?” అని ఆ మాట అక్కడితో తుంచేశారు. కాసేపటికి లోపలికి వెళ్ళి పడుకున్నారు.

నేను బయలుదేరుతుంటే కరుణమ్మ గారు బావి దగ్గరికి పిలిచారు. చేతిలో కత్తెర, తడి గుడ్డ.

“బాబూ, నాలుగు కొమ్మలు కోసిస్తాను, సంచిలో అడుగున పెట్టుకో. ఆయన నిద్ర లేచేలోపు వెళ్ళిపో.”

“వద్దమ్మగారూ. ఆయన ఇవ్వందే ఎలా తీసుకుంటానండి?”

“ఆయన మొండి. దీన్ని ఎవరికీ ఇవ్వకుండానే పోతారు. పిల్లలు లేని ఇల్లు బాబూ మాది. ఇదొక్కటన్నా ఎక్కడైనా ఉండాలని నాకుంది.”

ఆమె ఆ మాట అన్నాక కూడా నేను తీసుకోలేదు. ఆయనకి ఒకసారి జరిగిందే మళ్ళీ చేసినట్టవుతుందని అనిపించింది. నేను నేర్చుకున్న పనంతా ఆయన పెట్టిన భిక్ష. ఆయన నిద్రపోతుండగా ఆయన దొడ్లోంచి కొమ్మ పట్టుకుపోలేకపోయాను. కరుణమ్మ గారు కత్తెర కొంగులో దాచుకుని, “నీ ఇష్టం బాబూ” అన్నారు.

ఆ రోజు నేను చేసింది తప్పని ఇప్పటికీ అనలేను. ఒప్పని కూడా అనలేకపోతున్నాను.

క్రిస్మస్‌కి రమ్మన్నారు

డెబ్బై ఏడు వేసవిలో దేవసహాయం గారు కంటి ఆపరేషన్‌కి తెనాలి వచ్చారు. మా ఇంట్లోనే ఉన్నారు. కళ్ళకి కట్టు కట్టిన ఆ రోజుల్లో ఆయనకి తోచేది కాదు. సాయంత్రం చెయ్యి పట్టుకుని పార్కుకి తీసుకెళ్ళేవాణ్ణి. బల్ల మీద కూర్చుని, నా మడుల ఆకులు వేళ్ళతో తడిమి, “ఇది సాగిందయ్యా, కత్తిరించు” అనేవారు.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి అడిగారు.

“కరుణమ్మ నీకు కొమ్మలు ఇవ్వబోయిందిటగా?”

“ఎవరు చెప్పారండి?” అన్నాను.

“తనే చెప్పిందిలే. నువ్వు తీసుకోలేదనీ చెప్పింది.” కట్టు మీద చెయ్యి పెట్టుకున్నారు. “ఈ కట్టు కట్టాక అనిపిస్తోందయ్యా, నాకు రేపు కళ్ళు కనబడకపోతే ఏది అసలుదో, ఏది వెనక్కి పోయిందో ఎవడు ఏరతాడు? నువ్వే ఏరాలి.”

“ఇప్పుడే మీతో వచ్చి తెచ్చుకోమంటారా?” అన్నాను.

“ఇప్పుడు అంతా పచ్చగా ఉంది. ఏది కోస్తావు? వానల్లోనూ తెలియదు. క్రిస్మస్‌కి రా. బాగా ఎర్రబడ్డాక, నువ్వే చూసి నీ చేత్తో కోసుకో. ఎంత కావాలంటే అంత.”

అది సరైన సలహా. పని తెలిసిన ఎవరైనా అదే చెబుతారు. రంగు తేలకుండా కోసిన కొమ్మ మీద నమ్మకం పెట్టుకోలేం. కట్టు విప్పారు, చూపు వచ్చింది, ఆయన ఊరు వెళ్ళిపోయారు. నేను పార్కులో ఒక మడి ఖాళీ చేయించి, ఇసుక, ఎరువు కలిపి సిద్ధం చేసి ఉంచాను.

నవంబరులో ఉప్పెన వచ్చింది.

ఉప్పు నేల

దాని గురించి తెలియనివాళ్ళు ఈ వైపు లేరు. నేను కొత్తగా చెప్పేది ఏమీ లేదు. తెనాలిలో గాలికి పార్కు చెట్లు సగం కూలాయి. సముద్రం వైపు పల్లెలు కొట్టుకుపోయాయని మాటలు వస్తున్నాయి. దారులు కాస్త తెరుచుకున్నాక, బియ్యం మూటలు తీసుకెళ్ళే లారీ మీద రేపల్లె దాకా, అక్కణ్ణించి కొంత నడిచి, కొంత పడవలో వెళ్ళాను.

వాళ్ళిద్దరూ బతికే ఉన్నారు. బడి డాబా మీదికి ఎక్కినవాళ్ళలో ఉన్నారు. ఇల్లు లేదు. ఆ పల్లెలో ఇళ్ళతో పాటు పోయిన మనుషుల గురించి నేను రాయలేను. దేవసహాయం గారు మరి నలుగురితో కలిసి గోతులు తవ్వుతున్నారు. ఆ చొక్కా అప్పుడు తెల్లగా లేదు.

నన్ను చూసి పార ఆపారు. “వచ్చావా?” అన్నారు. “మాస్టారూ, దొడ్డి...” అన్నాను.

“ఏంటయ్యా సాంబయ్యా, మనుషులు పోయారు” అని మళ్ళీ పార ఎత్తారు.

నేను కూడా ఒక పార తీసుకున్నాను. సాయంత్రం దాకా ఆ పనే చేశాం. మొక్క మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. అంత చావు మధ్య ఒక ఎర్ర ఆకు గురించి ఏడ్చే హక్కు మాకు లేదు.

కరుణమ్మ గారు మాత్రం నేను వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పారు. “ఆయన ఎవరూ చూడకుండా దొడ్డి దగ్గరికి వెళ్ళి చేతులతో తవ్వుతున్నారు బాబూ. నాకు కూడా చెప్పట్లేదు. నేను చూడనట్టే ఉంటున్నాను.”

నేను ఆ చోటు చూసే వెళ్ళాను. బావి వరలు సగం దాకా కూరుకుపోయాయి. నేలంతా బూడిదరంగు ఒండ్రు. ఆరిన చోట తెల్లగా ఉప్పు పేరింది. వేలితో ముట్టుకుని నాలిక మీద పెట్టుకున్నాను. ఆ నేలలో వేరన్నది బతకదు. ఆయనకి అది నాకంటే బాగా తెలుసు. తెలిసీ తవ్వారు.

తెనాలి పార్కులో సిద్ధం చేసిన మడిలో ఆ చలికాలం ఏమీ వెయ్యలేదు. వెయ్యమని నా కింద పనివాళ్ళు అడిగితే కోప్పడ్డాను.

బస్టాండు ఎదురుగా

తరవాత వాళ్ళు రేపల్లెలో, బస్టాండు ఎదురుగా ఒక వాటాలో అద్దెకి దిగారు. ముందు ఒక మంచం పట్టేంత జాగా ఉండేది. నేను మా పార్కునుంచి మామూలు ఎర్ర పొన్నగంటి తీసుకెళ్ళి అక్కడ నాటాను. ఒకసారి మారిన మొక్క మళ్ళీ మారకపోదని నా ఆశ. ఆయనకీ ఉండేది. ప్రతి చలికాలం అద్దాలు పెట్టుకుని కొమ్మ కొమ్మా తిప్పి చూసేవారు. నేను తెనాలిలో అలాగే చూసేవాణ్ణి. ఇద్దరం కలిసినప్పుడు ఆయన కళ్ళతోనే అడిగేవారు, నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ చూశాను. ఆ దానిమ్మ ఎరుపు మళ్ళీ రాలేదు.

ఆయన పోయే ముందు సంవత్సరం ఒక మధ్యాహ్నం వెళ్ళాను. ఆయన గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒడిలో తడి గుడ్డ, అందులో అప్పుడే కోసిన కొమ్మలు. పొన్నగంటివి, కనకాంబరానివి, ఏవి ఉంటే అవి. బస్సు కోసం నిలబడ్డ ఒకామెని పిలిచి రెండు కొమ్మలు చేతిలో పెట్టారు.

“మాకు దొడ్డి లేదండి తాతగారూ” అందామె.

“పగిలిన కుండలో పెట్టుకో అమ్మా. ఎండ తగిలితే చాలు.”

“నా చేత్తో ఏ మొక్కా బతకదండి. చచ్చిపోతే మీరు బాధపడతారు.”

“పడను. బతికితే మాత్రం పక్కింటివాళ్ళకి రెండు కొమ్మలివ్వు. వాళ్ళు అడక్కపోయినా ఇవ్వు.”

బస్సు వచ్చింది. ఆమె కొమ్మలు టిఫిన్ డబ్బా మూత మీద జాగ్రత్తగా పెట్టుకుని ఎక్కింది. ఆయన ఆమె పేరు అడగలేదు, ఏ ఊరో అడగలేదు. నా వైపు తిరిగి, “నీ సంచి ఖాళీగా ఉందేంటయ్యా? తే” అన్నారు.